అప్‌డేట్: అమ్మ కంటి ఆపరేషన్ అయింది

విజయవాడలో లయన్స్ క్లబ్ వాళ్ల ఉచిత కంటి శిబిరాన్ని నమ్మి అమ్మను తీసుకెళ్లవచ్చా అని పోయిన నెల అడిగాను కదా. తీసుకెళ్లాను. కుడి కంటి శుక్లం తీసేసి లెన్సు అమర్చారు.

శిబిరం సింగ్ నగర్‌లో, ఒక స్కూలు వరండాలో. బీపీ, షుగరు చూసి, షుగరు ఎక్కువగా ఉందని పది రోజులు మందులు వాడి రమ్మన్నారు. అప్పుడు విసుక్కున్నాను. పుండు మానదని వాళ్ల భయం, న్యాయమే. శిబిరంలో పరీక్షలు మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. ఏ కన్నో పొరబడకుండా కుడి కనుబొమ్మ పైన ప్లాస్టరు ముక్క అంటించారు. మర్నాడు కట్టు విప్పించి, నల్ల కళ్లద్దాలు, చుక్కల మందు ఇచ్చి క్లబ్బు వ్యానులోనే దింపారు. మాకైన ఖర్చు మొదటి రోజు ఆటో డబ్బులే.

వీళ్లకు కళ్ల మీదే ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్ మహాసభకు వచ్చి, అంధుల పక్షాన నిలబడమని కోరారని, అప్పటి నుంచి అదే ప్రధాన సేవ అయిందని ఒక పెద్దాయన చెప్పారు.

కట్టు విప్పగానే అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇంత నెరిసిందేమిట్రా నీ జుట్టు?" అంది. ఎడమ కంటికి సంక్రాంతి తర్వాత రమ్మన్నారు.