రాగి చెంబుకు తుప్పు పడుతుందా?

పదాలపుట్ట: పిల్లల వర్క్‌షీట్‌లో "రాగి చెంబుకు తుప్పు పట్టింది" అని ఉంది. ఇళ్లల్లో చెంబుకు పట్టేదాన్ని చిలుము అంటాం కదండీ, కొందరు కిలుము అంటారు. నిఘంటువేమో చిలుముకు తుప్పు అనే అర్థం కూడా ఇస్తోంది. ఏది ఉంచాలి?

కొలిమి: చిలుమే ఉంచండి. నిఘంటువు కలిపేసినా వాడుక కలపలేదు, రసాయనశాస్త్రమూ వాడుక పక్షమే. ఇనుము మీద పేరుకునేది నీరు కలిసిన ఇనుప ఆక్సైడు. అది పొరలుగా లేచి రాలిపోతుంటే కింద కొత్త ఇనుము గాలికి బయటపడుతుంది. అందుకే "తుప్పు తినేసింది" అంటాం. రాగి మీది ఆకుపచ్చ పొర గాలిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు, తేమ కలిసి చేసిన క్షార కాపర్ కార్బొనేటు. అది అంటుకునే ఉండి కింది లోహాన్ని చాలావరకు కాస్తుంది. "చిలుము తినేసింది" అని ఎవరైనా అనగా విన్నారా? చింతపండుతో తోమితే పోవడం కూడా దాని గుణమే: పులుపులోని ఆమ్లానికి కార్బొనేటు కరిగిపోతుంది. (కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టొద్దనేది కూడా ఆ పులుపు వల్లే.) వెండికి ఈ రెండు మాటలూ వాడం, నల్లబడింది అంటాం. అది సల్ఫైడు.

ఉప్పుగాలి: పుస్తకంలో లోహక్షయం అని ఉందిగా, దాంతో సరిపెట్టొచ్చు. పైగా మన విశాఖ పిల్లలు బీచ్ రోడ్డు గ్రిల్స్ చూసి "ఉప్పు వల్ల తుప్పు" అని రాసేస్తారు.

కొలిమి: లోహక్షయం మూడింటికీ కలిపి పెట్టిన పేరు, ఉండనివ్వండి. దిద్దాల్సింది "ఉప్పు వల్ల" అన్న మాటను. తుప్పుకు కావలసినవి నీరు, ఆక్సిజన్. ఉప్పు ఆ నీటిలో విద్యుత్తు సులువుగా పారేలా చేసి చర్యను తొందర పెడుతుంది, అంతే. నాలుగు పరీక్షనాళికలతో చూపించండి. ఒకదానిలో మేకు సగం మునిగేలా మామూలు నీరు. రెండోదానిలో కరిగిన గాలి పోయేలా బాగా మరిగించి, కదపకుండా చల్లార్చిన నీరు, మేకు పూర్తిగా మునగాలి, మళ్లీ గాలి చేరకుండా పైన నూనె పొర. మూడోదానిలో నీరు లేకుండా కాల్షియం క్లోరైడు వేసి బిగుతుగా బిరడా. నాలుగోదానిలో సగం మునిగేలా 100 మి.లీ. నీటికి 3.5 గ్రాముల ఉప్పు, దాదాపు సముద్రపు పాళ్లే. కొన్ని రోజులు ఉంచితే తేడా తెలుస్తుంది. ఎక్కువగా చెడేది మూడోది: ఇక్కడి తేమకు బిరడా వదులైతే కాల్షియం క్లోరైడు చెమ్మ పీల్చి కరిగి నీరవుతుంది, మేకుకు తుప్పు పడుతుంది. జింకు పూత మేకులు తెస్తే అసలు ఏ నాళికలోనూ త్వరగా తుప్పు కనబడదు. పూత లేనివి తెచ్చి గరుకు కాగితంతో రుద్దండి.

పదాలపుట్ట: భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకూ తుప్పు పట్టిందని ఒక పాప రాసింది. కొట్టేయాలా?

కొలిమి: కొట్టేయకండి, సగం మార్కు ఇవ్వండి. ఆ ఎరుపు ఇసుక రేణువులకు పూతలా అంటిన ఇనుప ఆక్సైడుదే. కానీ అది ఖనిజాల్లోని ఇనుము శైథిల్యంలో, అంటే గాలికీ నీటికీ ఆ ఖనిజాలు మెల్లగా చెదిరిపోతుంటే, బయటపడి ఆక్సైడుగా మారినది. తుప్పు అనే మాట లోహానికే. "ఇక్కడ లోహం ఏది?" అని పక్కన రాసి వదిలేయండి.