మౌలాలి గుట్ట మెట్లు: మొక్కు లేనివాళ్లు ఎక్కొచ్చా?

నాచారం వాసి:
నాన్నకి ఆపరేషన్ బాగా జరిగితే హైదరాబాద్‌లో మౌలాలి గుట్ట మీది దర్గాకి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను. మొన్న ఆదివారం పొద్దున్నే వెళ్లాను. దాదాపు 500 మెట్లు. సగానికే ఆయాసం వచ్చి కూర్చున్నాను. వెనక నుంచి పదిమంది కుర్రాళ్లు చేతి వాచీలు చూసుకుంటూ పరుగున వచ్చారు. నన్ను, నా పక్కన ఉన్న ఒక ముసలమ్మను జరగమన్నారు. దర్గా లోపలికి తొంగి కూడా చూడకుండా ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మొక్కు లేనివాళ్లకు ఆ మెట్ల మీద ఏం పని? ఎక్కడానికి వేరే గుట్టలే లేవా?

రాళ్ల ప్రేమికుడు:
ఎక్కడున్నాయి అన్నా? ఊరి చుట్టూ ఉన్న గుట్టలు ఎన్నో క్వారీలకి, వెంచర్లకి పోయాయి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఇది. పైన దర్గా ఉండబట్టే ఇది మిగిలిందని నా నమ్మకం. నాకు మొక్కులు లేవు. ఆ బండ మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం మనసు నిమ్మళిస్తుంది. ముసలమ్మను జరగమనడం తప్పే, అందులో వాదన లేదు.

మౌలాలి కోడలు:
పాతికేళ్లుగా ఈ గుట్ట కిందే ఉంటున్నాను. అన్నగారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఎక్కేవాళ్ల మొక్కు అడగడం మొదలుపెడితే నేనూ ఎక్కకూడదు. మా అత్తయ్యకి మోకాళ్లు అరిగిపోయాయి. ఏటా ఆవిడ మొక్కు నేను తీరుస్తాను. మేము హిందువులం, ఆ మెట్ల మీద ఇంతవరకూ ఎవరూ మమ్మల్ని అడగలేదు.

ఈ దర్గా కథే చూడండి. 1578లో, గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, యాకూత్ అనే కొలువు మనిషికి కల వచ్చిందట. కలలో ముహమ్మద్ ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ ఈ గుట్ట మీద కనిపించారట. మర్నాడు వెళ్లి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉందట. ఆయన ఏ మొక్కూ తీర్చుకోవడానికి రాలేదు. గుట్ట కింద సమాధి ఉన్న ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి (1824లో పోయారు) కథ ఇంకొకటి. ఆమె కడుపులో ఉండగా తల్లికి ఇక్కడే గర్భం పోయేలా అయిందట. వెంట ఉన్న ఒకాయన పైకి పరుగెత్తి దారం, ధూపం తెచ్చాకే నిలబడిందని చెప్పుకుంటారు. బాధ ఒకరిది, ఎక్కింది ఇంకొకరు.

కాబట్టి రావద్దని ఎవరినీ అనలేను. పరుగు మాత్రం ఆపాల్సిందే. తెల్లారేసరికి ఆ మెట్ల మీద ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. రజబ్ నెలలో ఉర్సు (దర్గా ఉత్సవం) రోజుల్లో అయితే కాలు పెట్టే చోటుండదు. టైమింగ్ పెట్టుకునేవాళ్లు గ్రౌండ్‌కి వెళ్లాలి.

నాచారం వాసి:
మొక్కు సంగతి మీరన్నదే నిజం అమ్మా. నాన్న కూడా తన మొక్కు నాతోనే పంపారు, అది నాకు తట్టలేదు. ఆ కుర్రాళ్ల మీద కోపం మాత్రం పోలేదు. నేను లేచేసరికి ఆ ముసలమ్మ కిందికి దిగిపోతోంది, దర్శనం కాకుండానే.