వెనమ్ సినిమాలు పదకొండేళ్ల పిల్లవాడికి చూపించవచ్చా?

నమస్కారం. మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా అబ్బాయికి పదకొండేళ్లు. స్నేహితుడి ఇంట్లో ఏవో కామిక్స్ చదివి వచ్చినప్పటి నుంచి వెనమ్ తప్ప మరో మాట లేదు. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తే, తడి ఇసుకలో కూడా ఆ పళ్ల మొహమే గీశాడు!

నాకు తెలిసింది కొంచెమే. 1988లో స్పైడర్‌మ్యాన్ కామిక్స్‌లో శత్రువుగా వచ్చిన పాత్ర ఇది. 2018 సినిమాలో మాత్రం టామ్ హార్డీ వేసిన విలేకరి ఒంట్లోకి గ్రహాంతర జీవి దూరుతుంది, వాడే కథానాయకుడు. తర్వాత 2021లో, 2024లో మరో రెండు భాగాలు వచ్చాయి. ఆ జీవి పెద్ద శబ్దానికి, నిప్పుకు తప్ప దేనికీ లొంగదట. దీపావళి రాత్రి మా వీధికి వస్తే దాని పని అయిపోయినట్టే.

నా భయమల్లా అది మనుషుల తలలు కొరికేయడం గురించే. తెర మీద ఆ దృశ్యాలు ఎంత దారుణంగా ఉంటాయి? వీడు పగలు ధైర్యంగానే ఉంటాడు, రాత్రయితే నా దుప్పట్లోకి వస్తాడు. స్పైడర్‌మ్యాన్ సినిమాలు ముందు చూడకపోతే కథ అర్థం కాదా? మూడింటికీ తెలుగు డబ్బింగ్ ఉందా? మా అత్తయ్య గారు కూడా పక్కనే కూర్చుని చూస్తారు, ఆవిడకు ఇంగ్లీషు రాదు.

పిల్లలతో కలిసి చూసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. శనివారం చూపిస్తానని ఇప్పటికే నోరు జారాను.