గరివిడి తమ్ముడికి: కార్ల ప్లాంటులో కరెంటు ఎక్కడ పోతుందో

గరివిడి: అన్నలూ అక్కలూ, ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల పని వదిలి జర్మనీలో ఓ కార్ల ప్లాంటు ఎనర్జీ టీములో చేరాను. రేకులు వెల్డ్ చేసే బాడీ షాపు, రంగు వేసే పెయింట్ షాపు అప్పజెప్పారు. ముందు ఏటి చూడాలి?

బొబ్బిలి అక్క: తమ్ముడూ, అక్కడ కరెంటంతా దాదాపు ఫర్నేసుకే, టన్నుకెన్ని యూనిట్లో చూస్తే చాలు. ఇక్కడ బండికెన్ని యూనిట్లని చూస్తే మోసపోతావు. బళ్ళు తగ్గిన నెలలో ఎవరూ ఏమీ పాడుచెయ్యకపోయినా ఆ అంకె పెరిగిపోతుంది. రోజువారీ యూనిట్లు నిలువుగా, బళ్ళు అడ్డంగా పెట్టి గ్రాఫ్ గియ్యి. సున్నా బళ్ళ దగ్గర గీత ఎంత ఎత్తులో ఉందో చూడు. పని ఉన్నా లేకున్నా కాలే కరెంటు అదే. ముందు దాని పని పట్టు.

రాజాం అన్న: అందులో, కంప్రెసర్ నుంచి పైపుల్లో మెషీన్లకెళ్ళే గాలి లీకులతో మొదలెట్టు. ఆదివారం లైను ఆగాక, పైపుల్లో మామూలు ప్రెషర్ ఉంచి ఒక్క కంప్రెసర్‌నే నడుపు. లోడ్‌లో ఎంతసేపుందో, అన్‌లోడ్‌లో ఎంతసేపుందో పది విడతలు రాసుకో. లోడ్ అంటే గాలి నింపుతున్నప్పుడు, అన్‌లోడ్ అంటే ఖాళీగా తిరుగుతున్నప్పుడు. సగటున లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 270 వస్తే, 90ని మొత్తం 360తో భాగించు. ఆ కంప్రెసర్ కెపాసిటీలో 25 శాతం లీకులకే పోతోందన్నమాట. అసలు అన్‌లోడే కాకపోతే లీకులు దాన్ని మించాయి, రెండోది కలుపు. అవసరాన్ని బట్టి వేగం మారే వేరియబుల్ స్పీడ్ మెషీనుకి ఈ లెక్క కుదరదు, ఫ్లో మీటర్ చూడాలి.

తర్వాత, చెవికి వినబడని లీకు చప్పుడు పట్టే అల్ట్రాసోనిక్ డిటెక్టర్ పట్టుకుని హోసులు, క్విక్ కప్లింగులు, రెగ్యులేటర్ బౌళ్ళు, క్లాంప్ సిలిండర్ల సీళ్ళు వెతుకు. లాకవుట్ (కరెంటు, గాలి ఆపి తాళం వెయ్యడం) లేకుండా రోబో సెల్‌లో అడుగు పెట్టకు. లీకు దగ్గర ట్యాగ్ కట్టేసి వదిలెయ్యకు, బాగుచేశాక మళ్ళీ విను. అప్పుడు ప్రెషర్ దించు. 7 బార్ ప్రాంతంలో ఒక బార్ దించితే కంప్రెసర్ కరెంటు 6–7 శాతం తగ్గుతుంది. ఒకేసారి దించకు. లైను చివరి వెల్డ్ గన్ దగ్గర గేజి పెట్టి 0.2 బార్ చొప్పున దించు. గాలితో నడిచే గన్‌కి బలం చాలకపోతే స్పాట్ వెల్డ్ చెడుతుంది, అది పైకి కనబడదు.

పలాస అన్న: లీకులు సరే, కానీ ఎక్కువ తినేది పెయింట్ షాపే. వాటర్‌బోర్న్ (నీళ్ళు కలిసిన) రంగుకి, అది కొట్టే గది అయిన బూత్‌లో సుమారు 23 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంచుతారు. తేమ సెన్సార్ తప్పు చూపిస్తే ఎయిర్ యూనిట్ అదే గాలిని అక్కర్లేకపోయినా చల్లబరిచి మళ్ళీ వేడిచేస్తుంది. చల్లబరిచే, వేడిచేసే వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉంటే మొట్టమొదట సెన్సార్‌నే అనుమానించు.

ఫ్యాన్ వేగం 80 శాతానికి దించితే కరెంటు సుమారు సగమవుతుంది. రంగు కొడుతున్నప్పుడు మాత్రం ముట్టుకోవద్దు బాబూ. బాడీకి అంటకుండా గాల్లో తేలే రంగు (ఓవర్‌స్ప్రే) కిందికి దిగదు, సాల్వెంట్ ఆవిరి పేరుకుంటుంది. సెలవుల్లో, షిఫ్టుల మధ్యే దించు. తేమ తిరిగి కుదురుకోడానికి ఎంతసేపు పడుతుందో ముందే కొలిచి, అంత ముందుగా ఆన్ చేయించు. లేకపోతే పొద్దున్న మొదటి బాడీలు రీపెయింటుకి పోయి, మళ్ళీ ఓవెన్ ఎక్కి, ఆదా అంతా తినేస్తాయి.

గరివిడి: స్టేషన్‌కో మీటర్ పెట్టి షిఫ్టువారీ లెక్క తీద్దామా?

బొబ్బిలి అక్క: ముందు బెట్రీబ్స్‌రాట్‌తో, అంటే ఉద్యోగుల ప్రతినిధి మండలితో మాట్లాడు. మనుషుల పనితీరు కనిపెట్టే వీలున్న సాధనం పెట్టాలంటే చట్టప్రకారం వాళ్ళు ఒప్పుకోవాలి. లెక్క మెషీను పేరుమీదే తియ్యి, మనిషి పేరు ఎక్కడా రానివ్వకు.