బెంగుళూరు బాడుగ బెంజి: కొడికొండ దాటనిస్తారా?

చీనీతోట_తాడిపత్రి
అన్నా, మా తమ్ముడి పెండ్లి తాడిపత్రిలో. మెరవణికి టాపు తెరుచుకునే బెంజి కారే కావాలని వాని పట్టు. అనంతపురంలో దొరకలేదు, బెంగుళూరులో మాట్లాడినా. అడ్వాన్సు కట్టేముందు అగ్రిమెంటు చదివితే ‘కర్ణాటక దాటరాదు’ అని ఉంది. ఫోన్లో అడిగితే ‘ఏం కాదు సార్, అందరూ పోతారు’ అంటాడు. ఎవరన్నా ఇట్ల తెచ్చినారా?

అనంత_44
ఆ నోటిమాట నమ్మొద్దు తమ్ముడూ. నేను నమ్మి పోగొట్టుకున్నా. పోయినేడు ఇట్లే పెద్ద కారు తెచ్చినా. బాగేపల్లి టోల్ కాడ ఫాస్టాగ్ మెసేజ్ ఓనరుకే పోతుంది, బండిలో జీపీఎస్ సరేసరి. మన ఆంధ్ర సరిహద్దులో ఉండే కొడికొండ చెక్‌పోస్టు దాటి పెనుకొండ చేరకముందే ఓనరు ఫోను. ఇంట్లో కార్యం పెట్టుకొని వెనక్కి ఎట్ల తిప్పేది? తిరిగి అప్పజెప్పినప్పుడు లక్ష డిపాజిట్‌లో 30 వేలు పట్టుకున్నారు. ముందు సరేనన్న మనిషే, సంతకం పెట్టిన కాగితం నా ముందర పెట్టినాడు.

క్లెయిమ్_ఫైలు
ఇన్సూరెన్సు క్లెయిముల పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా. పాలసీ మామూలుగా దేశమంతా చెల్లుతుంది. రాష్ట్రం దాటొద్దనేది ఓనరు పెట్టుకున్న షరతు. ఎందుకంటే బాడుగ బండి పక్క రాష్ట్రంలోకి రావాలంటే పర్మిట్, ట్యాక్సు చూసుకోవాల, దారిలో చెడిపోయి ఆగితే మోసుకుపోవడానికి ఖర్చు.

అంతకన్నా ముందు నంబరు ప్లేటు చూడు నాయనా. సెల్ఫ్ డ్రైవ్ బాడుగ బండికి నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు ఉండాల. ఖరీదు కార్లు శానా వరకు సొంత వాడకం బండ్లకుండే తెల్ల బోర్డుతోనే బాడుగకు తిప్పుతున్నారు. సొంత వాడకం పాలసీలో ‘బాడుగకు ఇవ్వరాదు’ అని స్పష్టంగా ఉంటుంది. గుద్దుకుంటే కారు రిపేరు క్లెయిము తోసేస్తారు, ఓనరు నీ మీద పడతాడు. ఒక్క హెడ్‌లైటే లక్షల్లో ఉండే బండ్లవి. ఇట్ల నలిగిపోయిన కుటుంబాలను చూసినా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కందనవోలు_అక్క
మాది కర్నూలు. మేం హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాం. పుల్లూరు టోల్ దాటి తుంగభద్ర ఇవతలికి రావడానికి అనుమతి ముందే రాయించుకున్నాం, దాంతో ఇబ్బంది లేదు. కిలోమీటర్ల కాడ దెబ్బతిన్నాం. బాడుగలో రోజుకు 200 చొప్పున రెండు రోజులకు 400 కిలోమీటర్ల వరకే. రానూపోనూకే 430 అయింది, ఊర్లో తిరిగింది 40. ఎక్కువైన 70కి కిలోమీటరుకు 150 లెక్కన 10,500 కట్టినాం. నీది బెంగుళూరు నుంచి తాడిపత్రి, రానూపోనూ ఐదొందల పైమాటే. ముందే లెక్కేసుకో.

పెన్నా_గట్టు
కడప నుంచి. ‘తారు రోడ్డు మీదనే నడపాల’ అనే షరతు కూడా వెతుకు. పెండ్లి ఫోటోలకని గండికోటకు పోయి, కోట లోపల మట్టిదారిలో కారు అడుగుభాగం గీసుకుంది. రిపేరు మొత్తం మా నెత్తినే. ఆ కార్లు మన ఊర్ల స్పీడ్ బ్రేకర్లకే తగులుతాయి.

అనంత_44
మెయిల్లో అడుగు తమ్ముడూ. ఊరు పేరు, తేదీలు, దారి అన్నీ రాసి, ‘ఒప్పుకుంటున్నాం’ అని జవాబు రాయించుకో. రాయకపోతే అడ్వాన్సు కట్టొద్దు.

చీనీతోట_తాడిపత్రి
అందరికీ దండాలు. ఆ తెల్ల బోర్డు మనిషిని వదిలేసినా. ఇంకొకాయన నల్ల బోర్డు బండి ఇస్తానన్నాడు. తాడిపత్రి పేరు, 600 కిలోమీటర్లు మెయిల్లో రాసిచ్చినాడు. డ్రైవరు వాళ్లోడే, మట్టిదారిలో దించడంట. మా కల్యాణ మంటపం ముందర కంకర దారి ఉంది. మెరవణి మెయిన్ రోడ్డు మీదనే ఆపి, ఆడినుంచి పెండ్లికొడుకును నడిపించుకొని పోతాం. తమ్ముడు ఒప్పుకున్నాడు.