ఊరి టేకు బల్లకు పాత పాలిష్ తీయడం ఎట్టా?

ప్రశ్న (కందుకూరు, ఇప్పుడు మిచిగన్):
ఇంటి నుంచి టేకు బల్ల కంటైనర్లో వచ్చింది. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పాలిష్ జిగటగా ఉంది, పులుసు దాక దించిన చోటల్లా తెల్ల మచ్చలు. శాండర్ కొని గీకేద్దామా?

జవాబు (ఒంగోలు):
శాండర్ జోలికి అప్పుడే పోబాక తమ్ముడూ. జిగట పూత వేడికి కరిగి ఉప్పు కాగితం నిమిషంలో పూడిపోతుంది. ముందు ఆ పూత ఏందో తేల్చుకో. బల్ల అడుగున డీనేచర్డ్ ఆల్కహాల్‌తో (తాగేందుకు పనికిరాకుండా చేసిన స్పిరిట్) తడిపిన గుడ్డ ఒక నిమిషం ఆనించు. మెత్తబడి అంటుకుంటే లక్క, మన వడ్రంగులు వేసే స్పిరిట్ పాలిష్. ఆ తెల్ల మచ్చలను బట్టి అదే అనుకుంటా. అట్టయితే రిమూవర్ (పూత ఊడదీసే మందు) అక్కర్లేదు, అదే ఆల్కహాల్‌తో తుడుచుకుంటా పో. కిటికీలు తెరువు, దగ్గర్లో మంట ఉండకూడదు. కరగకపోతే వార్నిష్. బెంజైల్ ఆల్కహాల్ రిమూవర్ దట్టంగా పూసి, ఆరకుండా ప్లాస్టిక్ షీటు కప్పి, నాలుగైదు గంటలాగి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో నార వెంబడి లాగు. కాస్టిక్ సోడా వద్దు, టేకు నల్లబడుతుంది. స్టీల్ ఊల్ కూడా వద్దు, ఇరుక్కున్న ఇనప తునకలు తడి తగిలితే నల్ల చుక్కలవుతాయి.

జవాబు (కావలి):
పాలిష్ కింద పాత రంగు కనపడితే మాత్రం పొడిగా రుద్దబాకండి. ఇండియాలో ఇంటి పెయింట్లలో సీసం (లెడ్) లోహానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకుముందు రంగులో సీసం ఎక్కువుండొచ్చు, ఆ పొడి పీలిస్తే విషం.

రంగు లేకపోతే రుద్దేది 120, 150, 180 నంబరు ఉప్పు కాగితాలతో, ఎన్95 మాస్కు పెట్టుకొని. ఇంకా నున్నగా చేస్తే నూనె సరిగ్గా ఇంకదు. చిత్రిక గీతలు ఉండనివ్వండి, అవి పోయిందాకా రుద్దితే ఇంక షోరూం బల్లే.

అందరూ దెబ్బతినేది ఇక్కడ: టేకులో ఉండే సహజ నూనె కొత్త పూతను ఆరనివ్వదు, పట్టనివ్వదు. పూసే ముందు అసిటోన్‌తో తుడిచి, గంటలోపే మొదటి కోటు వెయ్యాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది. డేనిష్ ఆయిల్ (నూనె, వార్నిష్ కలిపిన పూత) అయితే పలచగా మూడు కోట్లు, ఒక్కోటీ పదిహేను నిమిషాలాగి మిగులంతా తుడిచెయ్యాలి, కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు. రోజూ వేడి గిన్నెలు దించేవాళ్లయితే నూనె పునాది పాలీయురెథేన్ మేలు. లక్క మళ్లీ వేస్తే ఆ మచ్చలే మళ్లీ.

జవాబు (ఒంగోలు):
పైచెక్క ఫ్రేముకు మేకులతో బిగించి ఉందేమో చూడు. నెల్లూరు, ప్రకాశం తేమ గాలికి అలవాటుపడిన మూడడుగుల చెక్క అక్కడి చలికాలం హీటరుకు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ముడుచుకుంటుంది. జరగనీకపోతే పగులుతుంది. మేకులు తీసి, పొడుగు బెజ్జాల్లో స్క్రూలు పెట్టు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి గరాజులో పడెయ్యబాక, వాటంతటవే అంటుకుంటాయి. బయట ఒక్కోటీ విప్పి ఆరెయ్యి.