అక్షింతల పురుగు అంటే ఏది?

మొన్న ఆదివారం కొత్తపేట దగ్గర లంకలో ఉన్న మా దొడ్డమ్మ వాళ్లింటికి వెళ్లాను. దొడ్లో వంగమొక్క మీద చుక్కల పురుగు ఒకటి కనబడితే ఫోన్‌తో ఫొటో తీశాను. "అదా, అక్షింతల పురుగురా" అంది దొడ్డమ్మ. పక్కనే బొబ్బర్ల పాదు మీద, పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) పట్టిన చిగురు దగ్గర ఇంకోటి ఉంటే అదీ అక్షింతల పురుగే అంది.

రాత్రి రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. వంగ మీదది రాగిరంగు. మెరుపు లేదు, ఒళ్లంతా సన్నటి నూగు. ఒక్కో రెక్క మీద 14 చుక్కలు, మొత్తం 28. అది కూర్చున్న ఆకులో పచ్చదనం గీకేసి ఈనెలు మాత్రమే మిగిలాయి, పాత జల్లెడలాగ. బొబ్బర్ల మీదది నున్నగా తళతళలాడుతోంది. చుక్కల బదులు నల్లటి వంకర గీతలు. అది ఆకు ముట్టదు, పేనుబంకని తింటుంది. ఒకటి పంటకి చేటు, ఒకటి మేలు. పేరేమో ఒకటే!

పేరు తప్పని మాత్రం నేననను. శాస్త్రం లెక్కలోనూ రెండూ ఒకే కుటుంబం, కాక్సినెల్లిడే. అక్షత అంటే విరగనిది. పసుపు కలిపిన ఆ బియ్యమే మన నోట్లో అక్షింతలైంది. ఆకు తిరగేస్తే ఈ పురుగుల గుడ్లు పచ్చగా, కోలగా, గుత్తిగా నిలబెట్టినట్టు ఉంటాయి. అచ్చం పసుపు బియ్యమే. పేరు అక్కడినుంచే వచ్చిందని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: మా ఇంట్లో రంగుని బట్టి వచ్చిందనేవారండి. పెళ్లి అక్షింతల్లో కుంకం కూడా కలుపుతారు కదా, ఆ ఎరుపు. పట్టుకుంటే వేలికి పసుపు కూడా అంటుతుంది.

జవాబు: అంటేది పసుపు కాదండీ, భయపడితే కాళ్ల కీళ్లలోంచి వదిలే ద్రవం. చేదుగా ఉంటుంది, పక్షులు తినకుండా. ఇక మాట సంగతి. దీవించినా అక్షింతలే, "పొద్దున్నే మేనేజరు అక్షింతలు వేశాడు" అన్నా అక్షింతలే. ఒకే మాట రెండు వైపులా నడవడం మనకి కొత్త కాదు. రైతులకి చెప్పేటప్పుడు మాత్రం మిత్ర పురుగు, శత్రు పురుగు అని విడదీసి చెప్పాలి.

మొదట రాసినవారు: నిజమేనండి, పేరు కలిసిపోవడంతో నష్టం కూడా జరిగింది. నిరుడు దొడ్డమ్మ రెండింటినీ ఏరి సబ్బునీళ్లలో వేసేసింది. పది రోజుల్లో బొబ్బర్ల చిగుళ్లన్నీ బంకతో ముడుచుకుపోయాయి. అందుకే ఇకనుంచి వంగ మీదదాన్ని వంగ అక్షింతల పురుగనీ, రెండోదాన్ని ఉత్త అక్షింతల పురుగనీ రాద్దామనుకుంటున్నాను. ఇంకొక్క సందేహం. ఆ మంచిదాని పిల్ల నల్లగా, పొడుగ్గా, మొసలిపిల్లలా ఉంటుంది. తల్లి కంటే ఏం తక్కువ కాదు, అదీ బంకనే తింటుంది. దొడ్డమ్మ దాన్ని చూసి "ఏదో పాడు పురుగు" అంది. మీ ఊళ్లో దానికి వేరే పేరేమైనా ఉందా?